వీపు మీది చలి

లతను చంపింది డాక్టర్ విజేత. ఇందులో వాదన లేదు.

కరోనా రెండో వేవ్‌లో, సూరత్‌లోని ఒక ఆసుపత్రిలో, లత ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు ఆ డాక్టర్ మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ముక్కులో సన్నటి బ్రష్ పెట్టి తిప్పింది. దాన్ని చిన్న గొట్టంలో ముంచి, మూత బిగించి వెళ్ళిపోయింది. ఒక మాత్ర ఇవ్వలేదు. ఒక సూది వెయ్యలేదు. కమలాకర్ అద్దం తలుపు ఇవతల నిలబడి అంతా చూశాడు. లోపలికి వెళ్ళి భార్య చెయ్యి పట్టుకుంటానంటే పట్టుకోనివ్వలేదు. మూడోసారి బ్రష్ పెట్టిన మర్నాడు లత పోయింది.

అదే జబ్బు అతనికీ వచ్చింది. ఒకే గది, ఒకే గాలి, ఒకే కుండలో నీళ్ళు. అతనికి కాస్త జ్వరం వచ్చి తగ్గింది. వాసన పోయింది. అది ఇప్పటికీ తిరిగి రాలేదు.

అదే ఊళ్ళో, పర్వత్ పాటియాలోని తమ గదిలో ఆమె వస్తువులన్నీ ఎవరెవరికో ఇచ్చేశాడు. ఒక రేకు డబ్బా మిగిలింది. లత ఇంట్లో కూర్చుని మార్కెట్ చీరలకు రాళ్ళు అంటించేది, లేసు కుట్టేది. తెగిన దారం ముక్కలన్నీ ఆ డబ్బాలో వేసేది. ఎందుకీ చెత్త అని అడిగితే ఒకటే మాట. "పారెయ్యకు. ఎవలకన్న అక్కరకొస్తది." ఆ దారాలు ఎవరికీ అక్కరకు రాలేదు. డబ్బా మాత్రం అలమారలో అలాగే ఉంది.

కమలాకర్ సిరిసిల్ల పక్క పల్లెలో పదో తరగతి దాకా చదివాడు. తర్వాత సైన్యం. ఆ తర్వాత బోర్డు లేని ఒక ఆఫీసు. బయటి లోకానికి మగ్గాల మెకానిక్. ఆఫీసుకు ఏజెంట్. రెండో సంగతి లతకు తెలుసో లేదో అతనికి తెలియదు. ఆమె ఎన్నడూ అడగలేదు.

లత పోయిన నాలుగేళ్ళకు, మే నెల. పర్వత్ పాటియా రోడ్డు మీద ఒక తెలుగు టిఫిన్ సెంటర్ ఉంది. దాని యజమాని వెంకటాచలం, ఆఫీసులో కమలాకర్ పైవాడు. అక్కడ సాంబారు ఏనాడూ బాగుండేది కాదు. జనం ఎక్కువ రాకుండా ఉండేందుకు అది ఆఫీసు తీసుకున్న నిర్ణయమని కమలాకర్ అనుమానం. వాసన లేని నోటికి రుచీ అంతంతమాత్రమే కాబట్టి అతను వంక పెట్టేవాడు కాదు.

వెనక గదిలో బ్రీఫింగ్ జరిగింది.

"ఒక వయల్ పోయింది. చిటికెన వేలంత ఉంటుంది. లోపల బతికున్న కణాలు, గడ్డకట్టించి ఉన్నాయి. కోడ్ పేరు ఎల్-సెవెన్," అన్నాడు వెంకటాచలం.

"ఎవరు తీశారు?"

"బయటి దేశం ముఠా. ల్యాబ్‌లో మనిషిని కొన్నారు. ఒక వయల్ ఎత్తుకెళ్ళి, పెంపకంలో ఉన్నవాటిని పాడుచేసి, మిగతావి ఉన్న ఫ్రీజర్‌ను ఆపేశారు. అన్నీ కరిగి చచ్చిపోయాయి. మిగిలింది వాళ్ళ చేతిలో ఉన్న ఆ ఒక్కటే."

కణాల కోసం ఇంత గొడవ ఎందుకని కమలాకర్ అడిగాడు. వెంకటాచలం టేబుల్ మీది ఉప్పు డబ్బాను జరిపి చెప్పుకొచ్చాడు. కరోనా వైరస్ తనంతట తాను కణంలోకి దూరలేదు. కణం పై పొర మీద రిసెప్టర్లు అనే తలుపులుంటాయి. ఏస్-టూ అనేది దానికి కావాల్సిన తలుపు. వైరస్ ఒంటి మీది ముల్లు అందులో సరిపోతుంది. తలుపు పక్కనే ఉండే ఇంకో ఎంజైమ్ ఆ ముల్లును కత్తిరిస్తే దారి తెరుచుకుంటుంది. అందరి ఒంట్లోనూ ఈ తలుపులు ఒకే తీరుగా ఉండవు. పిల్లల ముక్కుల్లో తక్కువని చాలా పరీక్షల్లో కనిపించింది. వాసన పట్టే నరాలకు ఆసరాగా ఉండే కణాల మీద బాగా ఉంటాయి.

"నీ వాసన పోయింది అందుకే," అన్నాడు.

కమలాకర్ ఆ సంగతి వదిలేశాడు. "తలుపులు ఎక్కువున్నవాళ్ళు చస్తారు. అంతేనా?"

"అంత తేలిక కాదు. ఆ తలుపుకు అసలు ఉద్యోగం ఇంకోటుంది. రక్తనాళాలను బిగించే పదార్థాన్ని అది విరగ్గొట్టి ఊపిరితిత్తులను కాపాడుతుంది. వైరస్ లోపలికి పోతూ తలుపును కూడా లాక్కుపోతుంది. కాపలా పోయిన చోట వాపు మొదలవుతుంది. ఎవరి ఒళ్ళు ఎంతవరకు తట్టుకుంటుందో ముందు చెప్పడం కష్టం. ఎల్-సెవెన్ ప్రత్యేకత ఏమిటంటే, అందులోకి వైరస్ చాలా సులువుగా దూరుతుంది. మనవాళ్ళు ఆ కణాల మీద మందులు పరీక్షిస్తున్నారు. ముఠా వాటి మీద కొత్త వైరస్‌ను సాకాలనుకుంటోంది. అలాంటి ఒళ్ళున్నవాళ్ళను ఏరి పడగొట్టే వైరస్."

దాన్ని ఎలా దాటిస్తారని కమలాకర్ అడిగాడు.

వయల్ విమానంలో పోదు, అక్కడ నిఘా ఉంది. చీరల పార్సెల్‌లో, డ్రై ఐస్ మధ్య, ముంబయి రేవుకు లారీలో పోతుందని సమాచారం. ఏ పార్సెల్ అన్నది తెలియదు. అందుకని కమలాకర్ ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్‌లో హమాలీగా చేరాలి. వెంకటాచలం అతనికి ఒక దబ్బనం ఇచ్చాడు. చూడటానికి గోనెలు కుట్టే మామూలు దబ్బనమే. మొనలో సెన్సార్ ఉంది. పార్సెల్‌లో గుచ్చితే లోపలి చల్లదనం చేతి వాచీలో కనిపిస్తుంది. ఆఫీసుకు కారు ధర పడిందట.

"ముఠాలో మన మనిషి ఒకరున్నారు. వాళ్ళకు మాత్రం వాళ్ళ మనిషే. ఎదురైతే, జరీ నల్లబడుతుందా అని అడుగుతారు. ఉతికితే నల్లబడతది, దాచుకుంటే కాదు అని చెప్పు. పని అయితే మెసేజ్, మగ్గం నడుస్తోంది. చెడితే, మగ్గం ఆగింది."

"ఆ మనిషి ఎవరు?"

"చూస్తావు," అన్నాడు వెంకటాచలం. ఆయన కళ్ళు ఉప్పు డబ్బా మీదే ఉన్నాయి.

గోడౌన్‌లో హమాలీలు చాలామంది కరీంనగర్, సిరిసిల్ల వైపువాళ్ళు. లారీ మీద పార్సెళ్ళు పేర్చేవాడు మల్లేష్. నోటి దురుసు ఎక్కువ, పనిలో లోపం లేదు. అక్కడ ఒక పద్ధతి ఉంది. సరుకు దించేటప్పుడు కిందివాడు "ఇడువు" అంటే పైవాడు కిందికి చూడకుండా వదిలేస్తాడు. చూస్తూ కూర్చుంటే పొద్దు గూకినా లారీ ఖాళీ కాదు. కింద ఎవరున్నారో, ఏముందో అంతా కిందివాడి బాధ్యతే.

కమలాకర్ వీలు చిక్కినప్పుడల్లా పార్సెళ్ళలో దబ్బనం గుచ్చి వాచీ చూసుకున్నాడు. అన్నీ వేడి. సూరత్ ఎండకు రేకుల షెడ్డు పొయ్యిలా ఉంది. వారమంతా వేడి తప్ప ఏమీ దొరకలేదు.

వారం గడిచాక ఒక సాయంత్రం ముంబయి లారీకి సరుకు ఎక్కిస్తున్నారు. కమలాకర్ ఒక పార్సెల్‌ను కొక్కెంతో లాగి వీపు మీదికి ఎత్తుకున్నాడు. రెండడుగులు వేశాక వీపుకు చల్లగా తగిలింది. మొదట హాయిగా అనిపించింది. తడిగుడ్డ పరిచినట్టు. నాలుగేళ్ళలో అతని ఒంటికి ఏదీ హాయిగా తగల్లేదు. అడుగు నెమ్మది చేశాడు. అప్పుడు అర్థమైంది. కారు ధర పెట్టి కొన్న దబ్బనం జేబులోనే ఉంది. ముందు తన వీపే పట్టింది.

అతను నోరు తెరిచేలోపు పైనుంచి మల్లేష్ అరిచాడు. "కమలన్నా, ఆగు. గా పార్సెల్ తడిసింది. నేనెక్కియ్య."

పార్సెల్ కింది మూల అరచేతి వెడల్పున నల్లగా తడిసింది. సూరత్ గాలిలో చెమ్మ ఎక్కువ. లోపలి చలికి గోనె చెమర్చింది. బట్టల మార్కెట్‌లో తడి పార్సెల్‌ను ఎవడూ లారీ ఎక్కించడు. ఒకదాని చెమ్మ పక్క సరుకుకు పాకుతుంది, ముంబయి చేరేసరికి మచ్చలు పడతాయి. దాన్ని పక్కన పెట్టి, యజమానిని పిలిచి, అతని ముందే విప్పుతారు. ఆ వరసలో పక్కనున్న పార్సెళ్ళను కూడా దించి చూస్తారు. మల్లేష్ అప్పుడే ఒకదాన్ని లారీ అంచుకు దొర్లించాడు.

సరుకు యజమాని వచ్చాడు. దినేశ్ సేఠ్ అని పేరు చెప్పుకునే మనిషి, తెల్ల చొక్కా, చేతికి రెండు ఉంగరాలు. గుజరాతీ తడబడకుండా మాట్లాడతాడు. తడి మరక చూశాడు. నవ్వాడు. "చాల్‌శే. గాడీమా చడావీ దో," అన్నాడు. పరవాలేదు, ఎక్కించెయ్యమని. పైగా చాయ్ తాగండని నోటు తీశాడు.

హమాలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తన సరుకు తడిస్తే గోడౌన్ ఎగిరిపోయేలా తిట్టని సేఠును వాళ్ళు అంతవరకు చూడలేదు.

మల్లేష్ లారీ మీదినుంచి తెలుగులో అన్నాడు. "గీ సేటు పెండ్లాం సచ్చినా గిట్లనే నవ్వుతడు కావచ్చు." అని, కింద ఎవరున్నారో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. "నిన్ను కాదన్నా."

"తెలుసు," అన్నాడు కమలాకర్.

పార్సెల్ విప్పందే ఎక్కించేది లేదని హమాలీలు తెగేసి చెప్పారు. సేఠ్ గోడౌన్ గుమాస్తాతో తేల్చుకుంటానని లోపలికి పోయాడు. కమలాకర్ పార్సెల్ పక్కన చతికిలబడి దబ్బనం గుచ్చాడు. వాచీలో అంకె గబగబా పడిపోయి సున్నా కిందికి జారింది. మెసేజ్ పంపాడు. ఆఫీసు జీపు బయల్దేరిందని, ట్రాఫిక్‌లో ఉందని జవాబు వచ్చింది.

సేఠ్ కారు తలుపు తెరుచుకుంది. ఒక ఆడమనిషి దిగింది. ఆకుపచ్చ పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, ఎత్తు మడమల చెప్పులు. ఎగుమతి కంపెనీ డిజైనర్ మేడమ్ అని గుమాస్తా అంతకుముందే చెప్పాడు. హమాలీల చేతుల్లో పని ఆగింది. ఏం సెంటురా నాయనా అని ఎవరో గొణిగారు. కమలాకర్‌కు ఏ వాసనా తెలియలేదు. నడక తెలిసింది. అద్దం తలుపు వెనక మూడుసార్లు చూసిన నడక.

విజేత.

అతని చెయ్యి కొక్కెం మీద బిగుసుకుంది. ఇన్నేళ్ళుగా అనుకున్నది రుజువైంది. చంపింది, ఇప్పుడు అమ్ముతోంది.

ఆమె దగ్గరికి వచ్చి, పార్సెల్ కుట్టు సందులోంచి కనిపిస్తున్న చీర అంచును వేలితో తాకింది.

"ఈ జరీ నల్లబడుతుందా?" అంది.

కమలాకర్ కొక్కెం కింద పెట్టి జవాబు చెప్పాడు.

"ఉతికితే నల్లబడతది. దాచుకుంటే కాదు."

ఆమె తల వంచి, చీర చూస్తున్నట్టే మాట్లాడింది. కణాలు సాకడం తెలిసినదాన్నని ముఠా తనను నమ్మిందని, ముంబయిలో అసలువాళ్ళ ముఖాలు చూసేదాకా ఆగాలనుకున్నానని, ఈ తడి మరక అంతా చెడగొట్టిందని చెప్పింది. సేఠ్ నడుము దగ్గర తుపాకి ఉంది. లారీ కదలకూడదు.

"కదలదు. ఇప్పుడే విప్పి ఆ గొట్టాన్ని పగలగొడతా."

"వద్దు. అది పోతే ఇంకోటి లేదు."

"మీ మందుల గోల నాకెందుకు?"

ఆమె కళ్ళద్దాలు తీసింది. "ఆ రోజు మీరు అద్దం తలుపు దగ్గర నిలబడ్డారు. గోడౌన్‌లోకి రాగానే గుర్తుపట్టాను. మిమ్మల్ని పంపుతారని నాకు చెప్పలేదు."

కమలాకర్ ఆమె వంక చూశాడు. తర్వాత పార్సెల్ వంక.

"ఆ కణాలు మీ భార్యవి," అంది విజేత. "నాలుగేళ్ళుగా సాకుతున్నాం. రోజు విడిచి రోజు వాటికి ఆహారం మార్చాలి. పండగల రోజుల్లో నేనే వెళ్ళి మార్చాను."

అతని వీపు మీది చెమ్మ ఇంకా ఆరలేదు.

సేఠ్ లోపలినుంచి వచ్చాడు. కళ్ళద్దాలు తీసి హమాలీతో మాట్లాడుతున్న డిజైనర్‌ను చూశాడు. అతనికి అంతే చాలు. రెండంగల్లో వచ్చి ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి, తుపాకి కణతకు ఆనించి, లారీ పక్కకు ఈడ్చాడు. హమాలీలు చెల్లాచెదురయ్యారు.

కమలాకర్ దబ్బనంతో పార్సెల్ కుట్టును ఒక్క లాగున చీల్చాడు. చీరలు జారాయి. మధ్యలో థర్మకోల్ పెట్టె. మూత పీకితే తెల్లటి పొగ నేల మీద పాకింది. వయల్ తీసి పిడికిట్లో పెట్టుకున్నాడు. నిప్పు పట్టుకున్నట్టు కాలింది. వదల్లేదు.

సేఠ్ ఇప్పుడు హిందీలో మాట్లాడాడు. వయల్ ఇటు విసిరితే ఆమె బతుకుతుంది. లేకపోతే లేదు. డ్రైవర్‌ను ఇంజిన్ స్టార్ట్ చెయ్యమన్నాడు.

నాలుగేళ్ళుగా కమలాకర్ కోరుకున్నది ఇదే. ఆమె కణతకు తుపాకి. అతను ఏమీ చెయ్యనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. అద్దం తలుపు దగ్గర నిలబడినట్టు.

అతను పైకి చూశాడు. లారీ అంచున, సరిగ్గా సేఠ్ తల మీదుగా, మల్లేష్ దొర్లించిన పార్సెల్ ఉంది. దాని వెనక, అది జారకుండా పట్టుకుని, భయంతో కళ్ళు మూసుకుని మల్లేష్. అది పడితే ఆమెకూ తగులుతుంది. ఆ లెక్క కమలాకర్ వేసుకోలేదు.

"మల్లేషూ," అన్నాడు, రోజూ అనే గొంతుతోనే. "ఇడువు."

మల్లేష్ చూడలేదు. వదిలేశాడు.

తుపాకి పేలింది. గుండు చీరల మూటలోకి పోయింది. సేఠ్ పార్సెల్ కింద బోర్లా పడి కదల్లేదు. ఊపిరి మాత్రం ఉంది. విజేత పక్కకు ఒరిగింది. ఆమె కుడి భుజం కిందికి వేలాడుతోంది. డ్రైవర్ ఇంజిన్ ఆపి చేతులెత్తాడు.

మిషన్ అయిపోయింది. కమలాకర్ పిడికిలి మాత్రం తెరవలేదు.

"పెట్టెలో పెట్టెయ్యండి," అంది విజేత నేల మీదినుంచే. "ఇంకా గడ్డగానే ఉంటుంది. కరిగితే చచ్చిపోతాయి."

"ఆమె ఎప్పుడో చచ్చింది. నువ్వు చంపినవు." అతని నోట ఆఫీసు భాష పోయి ఊరి మాట వచ్చింది. "ఇది నా పెండ్లాం. ఇంటికి తీస్కపోత."

"అప్పుడు ఎవరి దగ్గరా మందు లేదు. ఆ తలుపు ఎలా మూయాలో ఎవరికీ తెలియదు. తెలుసుకుందామనే తీశాను."

"ఆమెను అడిగినవా?"

"అడిగాను. మూడోసారి వచ్చినప్పుడు."

"అబద్ధం. ఆమె మాట్లాడే స్థితిల లేదు."

"మాస్క్ కొంచెం జరిపి చెప్పింది. మీకు నా వీపు తప్ప కనిపించి ఉండదు."

పిడికిట్లోంచి ఒక చుక్క నేల మీద పడింది. గొట్టం పైనున్న మంచు కరిగిందో, ఇంకేదన్నానో తెలియదు.

"ఏమన్నది?"

విజేతది గుంటూరు వైపు. ఆ మాటలు ఆమె నోటికి అలవాటైనవి కావు. బడిపిల్ల అప్పజెప్పినట్టు ఒక్కొక్కటే పలికింది.

"తీస్కపో బిడ్డా. పారెయ్యకు. ఎవలకన్న అక్కరకొస్తది."

మల్లేష్ లారీ దిగి వచ్చి, ఏం జరుగుతోందో తెలియక నిలబడ్డాడు. కమలాకర్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. థర్మకోల్ పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. పిడికిలి తెరిస్తే వయల్ తోలుకు అంటుకుని ఉంది. రెండో చేత్తో పీకి డ్రై ఐస్‌లో గుచ్చాడు. అరచేతి తోలు కొంత దాంతోనే పోయింది. మూత పెట్టి, ఊడిపడిన చీరను పెట్టె చుట్టూ చుట్టాడు. చలికి దుప్పటి కప్పినట్టు చుట్టాడు. అది అక్కర్లేదని విజేత చెప్పలేదు.

ఆఫీసు జీపు అప్పుడు వచ్చింది.

టిఫిన్ సెంటర్ వెనక గదిలో కమలాకర్, చేతికి కట్టుతో, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "మీకు ముందే తెలుసా?"

"చెబితే వచ్చేవాడివా?" అన్నాడు వెంకటాచలం.

"వచ్చేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు."

ఆ రాత్రి అతను గదికి వెళ్ళాక, చొక్కాకు అంటుకుని వచ్చిన జరీ పోగు ఒకటి కనిపించింది. చాలాసేపు వేళ్ళ మధ్య తిప్పాడు. తర్వాత అలమార తెరిచి రేకు డబ్బాలో వేశాడు. డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు.

కొన్నాళ్ళకు ఆఫీసు నుంచి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. మగ్గం నడుస్తోంది. అతను చదివి తుడిచేశాడు.

మర్నాడు టిఫిన్‌కు పోతే వెంకటాచలం ఎదురుగా కూర్చున్నాడు. సేఠ్ నోరు విప్పాడట, ముంబయిలో మిగతావాళ్ళు దొరికారట. విజేత భుజం అతుక్కుంటోందట. కణాలు మళ్ళీ పెరుగుతున్నాయని, చూడాలనిపిస్తే మైక్రోస్కోప్‌లో చూపిస్తానని కబురు పెట్టిందట.

"రాను. ఆమెను నేను క్షమించలేదు. అది కూడా రాసుకోండి."

"రాస్తాను. రిపోర్ట్‌లో ఒక్కచోటే ఖాళీ ఉంది. గొట్టం పట్టుకుని కూర్చున్నవాడివి ఎందుకు తిరిగిచ్చావు? ఆ డాక్టర్‌ను అడిగితే నిన్నే అడగమంది. ఆమె ఏం చెప్పింది నీకు?"

కమలాకర్ ఎడమ చేత్తో ఇడ్లీ ముక్కను సాంబారులో ముంచి తిన్నాడు. చెయ్యి కడుక్కుని లేచాడు.

"ఖాళీ ఖాళీగానే ఉంచండి. ఈ సాంబారు గురించి అడగండి, ఎంతసేపైనా చెప్తా. ఆ సంగతి మాత్రం ఇంకెప్పుడూ ఎత్తొద్దు. మీకు చెప్పను. ఎవరికీ చెప్పను."